‘మా ఋణములు క్షమించుము’: పరలోక ప్రార్థన అడిగేవాడి మీద పెట్టే షరతు

అమ్మ తరఫువాళ్ళు ఆర్‌సీఎం, అంటే క్యాథలిక్కులు. నాన్న తరఫువాళ్ళు సీఎస్ఐ, అంటే ప్రొటెస్టెంట్లు. తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఇది మామూలే. అలాంటి ఇంట్లో పెళ్ళికో భూస్థాపనకో అందరూ కలిసి పరలోక ప్రార్థన, అంటే యేసు తన శిష్యులకు నేర్పిన ప్రార్థన, మొదలుపెడితే రెండో వాక్యానికే గొంతులు విడిపోతాయి. కొందరు ‘నీ నామము’ అంటారు, కొందరు ‘మీ నామము’ అంటారు. ఒకరికి ‘ఋణములు’, ఇంకొకరికి ‘అప్పులు’, మరొకరికి ‘అపరాధములు’. చివరికొచ్చేసరికి సగంమంది ఆమెన్ అని ఆగిపోతే, మిగతా సగం ‘రాజ్యము, బలము, మహిమ’ అంటూ ముందుకెళ్ళిపోతారు. ఆ తర్వాత భోజనాల దగ్గర ఎవరిది కరెక్టు అన్న చర్చ ఎలాగూ ఉంటుంది.

ఈ మధ్య సంవత్సరాల్లో ఈ ప్రార్థన రెండుసార్లు అంతర్జాతీయ వార్తల్లోకి కూడా ఎక్కింది. 2017 డిసెంబరులో పోప్ ఫ్రాన్సిస్ ఒక ఇటాలియన్ టీవీ కార్యక్రమంలో ‘శోధన’ గురించిన వాక్యం అనువాదం బాగోలేదన్నారు. 2023 జులైలో ఇంగ్లండ్‌లోని యార్క్ ఆర్చిబిషప్ స్టీఫెన్ కాట్రెల్, ‘మా తండ్రీ’ అన్న పిలుపే కొందరికి ఇబ్బందిగా ఉండవచ్చన్నారు. రెండుసార్లూ ‘ప్రభువు ప్రార్థననే మార్చేస్తున్నారట’ అన్న మాట పాకింది.

అసలు ఈ ప్రార్థనలో ఏముంది, ఎక్కడ తేడాలున్నాయి, ఎక్కడ నిజమైన చిక్కు ఉంది అన్నది మొదటి నుంచి చూద్దాం. ముందే ఒక మాట. అందరూ వాదించుకునే తేడాల్లో ఎక్కువ భాగం పైపైవే. అసలు బరువు ఎవరూ పెద్దగా వాదించుకోని ఒక వాక్యం మీద ఉంది.

బైబిల్లో రెండు చోట్ల, రెండు రూపాల్లో

ఈ ప్రార్థన కొత్త నిబంధనలో రెండుసార్లు కనిపిస్తుంది. మత్తయి సువార్త 6వ అధ్యాయంలో, కొండమీద ప్రసంగం మధ్యలో, 9 నుంచి 13 వచనాల్లో ఉన్నది పొడవైనది. సంఘాల్లో చెప్పేది దీని ఆధారంగానే. లూకా సువార్త 11వ అధ్యాయంలో ఉన్నది చిన్నది. అక్కడ సందర్భం వేరు. యేసు ఒకచోట ప్రార్థన ముగించగానే శిష్యుల్లో ఒకడు, బాప్తిస్మమిచ్చే యోహాను తన శిష్యులకు నేర్పినట్టు మాకూ నేర్పించు అని అడుగుతాడు. అంటే అప్పట్లో ఒక్కో గురువు తన శిష్యులకు ఒక్కో ప్రార్థన నేర్పడం అలవాటే అన్నమాట.

మాటలు కూడా గాలిలోంచి ఊడిపడినవి కావు. దేవుని నామం పరిశుద్ధపరచబడాలి, ఆయన రాజ్యం రావాలి అన్న కోరికలు యూదుల ‘కద్దీష్’ ప్రార్థనలో ఇప్పటికీ పక్కపక్కనే వినిపిస్తాయి. యేసు తన జనం నోట్లో నానుతున్న భాషనే తీసుకుని బాగా కుదించాడు. మొత్తం చెప్పడానికి అర నిమిషం చాలు.

లోపలి అమరిక తేలికే. మొదట దేవుని వైపు చూసే విన్నపాలు మూడు: నీ నామము, నీ రాజ్యము, నీ చిత్తము. తర్వాత మనిషి అవసరాలు: ఆహారం, క్షమాపణ, శోధన నుంచి కాపుదల, కీడు నుంచి విడుదల. చివరి రెండూ ఒకటే అని లెక్కపెడితే మొత్తం ఆరు, విడివిడిగా లెక్కపెడితే ఏడు. 16వ శతాబ్దపు ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ సంప్రదాయంవాళ్ళు ఆరంటారు, క్యాథలిక్కులూ లూథరన్లూ ఏడంటారు. దీనివల్ల అర్థంలో వచ్చే తేడా పెద్దగా ఏమీ లేదు.

‘నీ’, ‘మీ’ తేడా కూడా అంతే. తెలుగు క్యాథలిక్ జపాల్లో దేవుణ్ణి పెద్దవారిని పిలిచినట్టు గౌరవవాచకంతో పిలుస్తారు. ప్రొటెస్టెంట్ బైబిలు ఏకవచనం వాడింది. రామదాసు కూడా రాముణ్ణి ‘నీవు’ అనే పిలిచాడు కదా, దాన్ని అమర్యాద అని ఎవరూ అనుకోలేదు.

‘రాజ్యము, బలము, మహిమ’ ఎక్కడి నుంచి వచ్చాయి

చివరి వాక్యం సంగతి ఆసక్తికరమైనది. మత్తయి సువార్త దొరికిన పాత గ్రీకు ప్రతుల్లో ముఖ్యమైనవి రెండు, సినాయిటికస్, వాటికానస్. రెండూ 4వ శతాబ్దానివి. రెండింటిలోనూ ఈ ముగింపు లేదు. తర్వాతి కాలపు ప్రతుల్లో చాలావాటిలో ఉంది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు ఆ తర్వాతి ప్రతుల వరుసను అనుసరించింది కాబట్టి అందులో ఉంది. ఇంగ్లిష్ మిషనరీల ద్వారా ప్రొటెస్టెంట్ ఆరాధనల్లోకి అలా స్థిరపడింది.

అలాగని ఎవరో మధ్యలో కల్పించి చేర్చారనుకోవడం కూడా సరికాదు. ‘దిదకే’ అనే అతి పాత క్రైస్తవ బోధనా గ్రంథంలో, ఈ ప్రార్థనకు ‘బలము, మహిమ నిరంతరము నీవే’ అన్న అర్థం వచ్చే ముగింపు అప్పటికే ఉంది. యూదుల అలవాటులో ప్రార్థనను స్తుతితో ముగించడం సహజం. ఆ స్తుతి మాటలకు మూలం కూడా కనిపిస్తూనే ఉంది: 1 దినవృత్తాంతములు 29వ అధ్యాయంలో దావీదు చేసిన ప్రార్థన. కాబట్టి ఎక్కువమంది పండితులు చెప్పేదేమిటంటే, ఇది మత్తయి రాసిన మూలపాఠంలో లేదు, కానీ మొదటి తరాల క్రైస్తవుల నోటి ఆరాధనలోంచే వచ్చింది.

క్యాథలిక్కులు దీన్ని అసలు చెప్పరనుకోవడం ఇంకో అపోహ. 1960లలో క్యాథలిక్ బిషప్పులు జరిపిన రెండో వాటికన్ మహాసభ తర్వాత వచ్చిన కొత్త పూజావిధిలో పరలోక జపం అయ్యాక పూజ నడిపే ఫాదర్ ఒక చిన్న ప్రార్థన చేస్తారు, ఆపైన సంఘమంతా ఈ స్తుతి చెబుతుంది. మాట అదే, చోటు వేరు. పెళ్ళిలో సగంమంది ఆగిపోవడానికి కారణం ఇంతే.

‘నేను’ లేని ప్రార్థన

మొత్తం పాఠంలో ‘నేను’, ‘నా’, ‘నాకు’ ఒక్కసారి కూడా రావు. తలుపు వేసుకుని రహస్యంగా ప్రార్థించమని అదే అధ్యాయంలో కొద్ది వచనాల ముందే యేసు చెబుతాడు. అయినా ఆ గదిలో ఒంటరిగా కూర్చున్నవాడికి కూడా ‘మా తండ్రీ’ అనే నేర్పిస్తాడు. 3వ శతాబ్దంలో కార్తేజు బిషప్ సిప్రియన్ దీన్ని ప్రత్యేకంగా గుర్తుచేశాడు: మన ప్రార్థన అందరిదీ, మనం ఒక్కరి కోసం కాదు, మొత్తం ప్రజ కోసం అడుగుతాం అని.

ఇది వ్యాకరణం సంగతిగా వదిలేసేది కాదు. ఒక పోస్టుకు వెయ్యిమంది పరీక్ష రాశారనుకుందాం. అందులో ఒకమ్మాయి ‘ప్రభువా, ఈ ఉద్యోగం నాకే రావాలి’ అని ప్రార్థించవచ్చు, తప్పేం లేదు. కానీ అదే అమ్మాయి పరలోక ప్రార్థన చెప్పినప్పుడు ‘మాకు ఆహారము దయచేయుము’ అంటుంది. ఆ ‘మాకు’లో మిగతా తొమ్మిదివందల తొంభై తొమ్మిదిమంది కూడా ఉన్నారు. ఆమె కోరికను ప్రార్థన కొట్టిపారేయలేదు, దాని పక్కన ఇంకా కొందరిని నిలబెట్టింది.

‘నీ చిత్తము’ అంటే సర్దుకుపోవడమా?

మన దగ్గర ఈ మాట ఎక్కువగా వినిపించేది చావు ఇంట్లో. చిన్న వయసులో పోయిన కొడుకు శవం ముందు ఎవరో ఒకరు ‘దేవుని చిత్తం, ఏం చేస్తాం’ అంటారు. ఓదార్పుగానే అంటారు. కానీ తల్లి చెవికి అది, దేవుడే చంపాడన్నట్టు వినిపించే ప్రమాదం ఉంది.

ప్రార్థనలో ఉన్న వాక్యాన్ని మొత్తంగా చూస్తే అర్థం కొంచెం వేరుగా తేలుతుంది. నీ చిత్తం పరలోకంలో నెరవేరుతున్నట్టు భూమి మీద కూడా నెరవేరాలి అని అడుగుతున్నాం. ఇప్పటికే అంతా ఆయన చిత్తప్రకారమే జరిగిపోతుంటే అడగాల్సిన పనేముంది? కాబట్టి ఇందులో, భూమి మీద జరుగుతున్నవన్నీ దేవుడికి ఇష్టమైనవి కావు అన్న ఒప్పుకోలు ఉందని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. ఆ చదువులో ఈ వాక్యం అన్యాయానికి తల వంచడం కాదు, అది మారాలని కోరడం.

రెండో చదువు కూడా బలమైనదే. తనను పట్టుకుపోయే ముందు గెత్సేమనే తోటలో యేసు స్వయంగా ఈ మాటే వాడాడు. ఈ గిన్నె, అంటే రాబోయే శ్రమ, నా నుంచి తొలగిపోవాలని అడిగి, చివరికి నీ చిత్తమే సిద్ధించుగాక అన్నాడు. అక్కడ అది లొంగిపోవడమే. దేవుని సర్వాధికారాన్ని గట్టిగా నమ్మే సంఘాలు ఈ వైపు మొగ్గుతాయి: మనకు అర్థం కానిది కూడా ఆయన చేతి దాటి జరగదు అని.

నాకు కనిపించేది ఒకటే. గెత్సేమనేలో లొంగిపోయినవాడు తన సంగతిలో లొంగిపోయాడు. పక్కవాడి కష్టాన్ని చూసి ‘చిత్తం’ అనలేదు. కుంటివాణ్ణి, గుడ్డివాణ్ణి చూసినప్పుడు ఆయన చేసింది వేరే పని. ఈ తేడా పాటిస్తే చావు ఇంట్లో కొన్ని మాటలు తగ్గుతాయి.

ఈ రోజుకి అన్నం

‘మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము.’ అన్నిటికంటే తేలిగ్గా అర్థమయ్యే వాక్యం ఇదే అనుకుంటాం. తీరా చూస్తే గ్రీకు మూలంలో ‘అనుదిన’ అన్నచోట ఉన్న మాట ఎంత అరుదైనదంటే, అది సువార్తలు రాసినవాళ్ళే తయారుచేసుకున్నట్టుందని 3వ శతాబ్దంలోనే క్రైస్తవ పండితుడు ఓరిగెన్ అన్నాడు. ఈ రోజుకు సరిపడేదని కొందరు, రేపటిదని కొందరు, బతకడానికి అవసరమైనదని ఇంకొందరు. సువార్తలను లాటిన్‌లోకి తెచ్చిన జెరోము మత్తయిలో ఒక రకంగా, లూకాలో ఇంకో రకంగా రాశాడు. మత్తయి దగ్గర అతను వాడిన మాట మామూలు తిండిని దాటిన ఆహారాన్ని సూచిస్తుంది. ప్రభురాత్రి భోజనపు రొట్టె (యేసు చివరి విందుకు గుర్తుగా ఆరాధనలో పుచ్చుకునేది) కూడా ఇందులో ఉందనే క్యాథలిక్ వ్యాఖ్యానానికి ఇది ఊతం. ప్రొటెస్టెంట్ సంస్కరణను మొదలుపెట్టిన లూథర్ దీన్ని నేల మీదికి దింపాడు. 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో తిండి, బట్ట, ఇల్లు, పొలం, మంచి ప్రభుత్వం, మంచి వాతావరణం, మంచి ఇరుగుపొరుగు అన్నీ అనుదినాహారమే అని వరస పెట్టాడు. లూథరన్ సంఘాల్లో పిల్లలు ఈ జాబితాను వల్లె వేస్తూ పెరుగుతారు.

ఏ అర్థం తీసుకున్నా, అడుగుతున్నది గోదాము కాదు, ఒక రోజు తిండి. ఇశ్రాయేలీయులు ఎడారిలో దేవుడు కురిపించిన మన్నా అనే ఆహారాన్ని ఏ రోజుది ఆ రోజే ఏరుకున్నారు, మర్నాటికి దాచుకున్నది పురుగు పట్టింది. యేసు మాటలు విన్నవాళ్ళలో దినకూలీలు ఉన్నారు. వాళ్ళ కూలి సూర్యుడు అస్తమించకముందే ఇచ్చేయాలని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం శాసించింది, ఎందుకంటే ఆ రాత్రి పొయ్యి వెలగడం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

తెలుగు నేల మీద ఈ వాక్యానికి ఒక చరిత్ర ఉంది. 1876-78 కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి పని కల్పించాడు. తిండి కోసం మతంలో కలిశారన్న మాట రాకుండా కరవు సాయం నడుస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. వాళ్ళ నోట్లో ‘అనుదినాహారము’ అన్నమాట అలంకారం కాదు.

ఇప్పటి చర్చ వేరే రూపంలో ఉంది. దేవుణ్ణి నమ్మితే ఇల్లు, కారు, వీసా వరసగా వస్తాయని చెప్పే బోధకులున్నారు. ఆశించడంలో తప్పేముంది, తండ్రిని అడగక ఎవరిని అడుగుతాం అన్నది వాళ్ళ వాదన. అదే మత్తయి సువార్తలో ‘అడుగుడి మీకియ్యబడును’ అనీ ఉంది మరి. ఎదుటివైపు వాళ్ళు సామెతలు 30వ అధ్యాయంలోని ఆగూరును గుర్తుచేస్తారు. అతను పేదరికమూ వద్దు, ఐశ్వర్యమూ వద్దు, తగినంత ఆహారం చాలు అని అడిగాడు. పరలోక ప్రార్థన అడిగే కొలత ఆగూరు కొలతకే దగ్గరగా ఉంది.

అప్పుల లెక్క

ఇప్పుడు ఆ బరువైన వాక్యం. ‘మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము.’

ప్రార్థన మొత్తంలో అడిగేవాడు తాను చేసిన పని గురించి మాట్లాడేది ఈ ఒక్కచోటే. మిగతావన్నీ నువ్వు చెయ్యి, నువ్వు ఇవ్వు, నువ్వు తప్పించు. ఇక్కడ మాత్రం ‘మేము క్షమించియున్న ప్రకారము’. పైగా ప్రార్థన ముగిశాక యేసు వెనక్కి వచ్చి వివరణ ఇచ్చింది కూడా దీనికొక్కదానికే. మీరు మనుష్యుల అపరాధాలు క్షమిస్తే మీ తండ్రి మిమ్మల్ని క్షమిస్తాడు, లేకపోతే ఆయనా క్షమించడు అని 14, 15 వచనాల్లో నేరుగా చెప్పాడు.

మత్తయి ‘ఋణములు’ అంటాడు. లూకా ‘పాపములు’ అంటాడు, కానీ వాక్యం రెండో సగంలో ‘మాకచ్చియున్న ప్రతివానిని’ అని అప్పు భాషనే వాడతాడు. యేసు మాట్లాడిన అరామిక్ భాషలో పాపానికీ అప్పుకూ ఒకే మాట ఉండటమే దీనికి కారణం. అందుకే ఋణములు, అప్పులు, అపరాధములు అన్న మూడు రకాల వాడుకల మధ్య తగువు అక్కర్లేదు.

ఆ షరతు ఎలా పనిచేస్తుందో మత్తయి 18వ అధ్యాయంలోని కథ చూపిస్తుంది. ఒక దాసుడు రాజుకు పదివేల తలాంతులు బాకీ. రాజు జాలిపడి మొత్తం కొట్టేస్తాడు. బయటికొచ్చిన ఆ దాసుడు, తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటి దాసుడి గొంతు పట్టుకుని చెరసాలలో వేయిస్తాడు.

మన డబ్బుల్లోకి మార్చి చూద్దాం. దేనారం అంటే ఒక రోజు కూలి. రోజుకూలి 500 రూపాయలు అనుకుంటే నూరు దేనారాలు 50,000. చిన్నదేం కాదు, మూడు నెలల పైచిలుకు కష్టం. తలాంతు అంటే సుమారు 6,000 దేనారాలు. పదివేల తలాంతులు అంటే ఆరు కోట్ల దినాల కూలి, మన లెక్కలో 3,000 కోట్ల రూపాయలు. ఏడాదికి 300 రోజులు పనిచేసినా తీరడానికి రెండు లక్షల ఏళ్ళు పడుతుంది. రెండు అప్పుల మధ్య తేడా ఆరు లక్షల రెట్లు.

కథలో సూక్ష్మం ఏమిటంటే 50,000 నిజంగానే బాకీ ఉంది. తోటివాడు చేసింది అన్యాయం కాదని యేసు అనలేదు. 3,000 కోట్లు మాఫీ అయినవాడు ఆ 50,000 కోసం గొంతు పట్టుకోవడం దగ్గరే కథ ఆగింది.

మరి దేవుని క్షమాపణను మనం మన క్షమాపణతో కొనుక్కుంటున్నామా? క్రైస్తవ సంప్రదాయాలు విడిపోయే చోటు ఇది. క్యాథలిక్ బోధ దీన్ని గట్టి షరతుగానే చదువుతుంది: క్షమించని మనసు మూసుకుపోయిన మనసు, అందులోకి దేవుని కరుణ కూడా దూరలేదు. కాల్విన్ వేరేగా చెప్పాడు: మనం క్షమించడం వల్ల క్షమాపణకు అర్హులం కాము, మనం క్షమించగలుగుతున్నామంటే దేవుడు మనల్ని క్షమించాడనడానికి అది గుర్తు. లూథరన్ల వివరణా దీనికి దగ్గరే. క్షమించబడ్డాడు కాబట్టి క్షమించాలని రాజు కథ చెబుతోంది, వరుస చూడండి: మాఫీ ముందు జరిగింది. ప్రార్థన తర్వాతి 15వ వచనం మాత్రం ఎదురు వరుసలో ఉంది. రెండూ మత్తయిలోనే ఉన్నాయి. అందుకే ఈ వాదన తెగదు. రోజూ ప్రార్థించే మనిషి మీద మాత్రం రెండు చదువులూ ఒకే ఒత్తిడి పెడతాయి. అన్నదమ్ముల మధ్య పొలం గట్టు తగాదా ఉండి, పదేళ్ళుగా మాటల్లేకుండా ఒకే గుడిలో చెరో వైపు కూర్చుని ఈ వాక్యం చెబుతున్నవాళ్ళు, ‘మేము వాళ్ళని క్షమించినంతే మమ్మల్ని క్షమించు’ అని తమ మీద తామే అర్జీ పెట్టుకుంటున్నారు.

పాత నిబంధనలో అప్పు అంటే అప్పే అని గుర్తుచేసేవాళ్ళూ ఉన్నారు. ఏడో ఏట అప్పులు కొట్టేయాలని ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయం చెప్పింది. కాబట్టి గలిలయ రైతు చెవికి ఈ వాక్యం ఆత్మ సంగతి ఎంతో, వడ్డీవ్యాపారి దగ్గర తాకట్టులో ఉన్న పొలం సంగతీ అంతే అని వాళ్ళ వాదన. లూకా రెండో సగాన్ని అప్పు భాషలోనే ఉంచడం దీనికి కొంత బలం.

క్షమిస్తే కేసు వెనక్కి తీసుకోవాలా?

నిత్యజీవితంలో ఎక్కువ గాయం చేసేది ఈ ప్రశ్న. కొట్టే భర్త దగ్గరికి తిరిగి వెళ్ళమని చెప్పేటప్పుడు పెద్దలు వాడే ఆయుధాల్లో ఈ వాక్యం కూడా ఒకటి. ‘నువ్వు క్షమించకపోతే దేవుడు నిన్ను క్షమిస్తాడా?’

ఇక్కడ మూడు వేర్వేరు విషయాలు ఒకే మాటలో కలిసిపోతున్నాయి. పగ వదులుకోవడం ఒకటి. మళ్ళీ కలిసి ఉండటం ఇంకొకటి. చేసిన తప్పుకు చట్టం వేసే శిక్ష మూడోది. ప్రార్థన అడిగేది మొదటిదాన్ని. రెండోదానికి ఎదుటివాడిలో మార్పు కావాలి. లూకా 17వ అధ్యాయంలో యేసు, నీ సహోదరుడు తప్పు చేస్తే గద్దించు, మారుమనస్సు పొందితే క్షమించు అన్నాడు. గద్దించడం ముందు వచ్చింది. దీన్నిబట్టి, పశ్చాత్తాపం లేనిదే క్షమాపణే అక్కర్లేదని వాదించేవాళ్ళున్నారు. సిలువ మీద ఎవరూ అడగకుండానే ‘తండ్రీ, వీరిని క్షమించుము’ అన్నాడు కదా అని ఎదుటివాళ్ళు అంటారు. ఎటు నిలబడినా, ప్రమాదం ఉన్న ఇంటికి తిరిగి వెళ్ళడం క్షమాపణలో భాగమని చెప్పే వచనం ఈ రెండు చోట్లా లేదు.

మూడోదానికి మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో, వాహనంలో నిద్రపోతున్న ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహమ్ స్టెయిన్స్‌నూ, ఇద్దరు చిన్న కొడుకులు ఫిలిప్, తిమోతిలనూ సజీవదహనం చేశారు. భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానని బహిరంగంగా చెప్పారు. బారిపదలో కుష్ఠురోగుల మధ్య పని కొనసాగించారు. అయినా కేసు ఆగలేదు. 2003లో కింది కోర్టు ప్రధాన నిందితుడు దారాసింగ్‌కు మరణశిక్ష వేసింది, 2005లో హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది, 2011లో సుప్రీంకోర్టు దాన్నే ఖరారు చేసింది. ఆమె క్షమాపణ నిజమైనదే, కోర్టు తీర్పూ నిజమైనదే. ఒకటి ఇంకోదాన్ని రద్దు చేయలేదు.

దేవుడు మనల్ని శోధనలోకి తీసుకెళ్తాడా?

పోప్ వ్యాఖ్యతో మొదలైన వివాదం ఇది. ‘మమ్మును శోధనలోకి తేక’ అంటే, తేగలిగేది దేవుడేనా? యాకోబు పత్రిక 1వ అధ్యాయం దేవుడు ఎవనినీ శోధింపడని స్పష్టంగా చెబుతుంది. మనల్ని పడదోసి చూస్తూ కూర్చునేవాడు తండ్రి కాదు, తండ్రి లేపుతాడు అన్నది ఫ్రాన్సిస్ చెప్పినదాని సారం. ఫ్రెంచి క్యాథలిక్కులు అప్పటికే, 2017 డిసెంబరు 3 నుంచి, ‘మమ్మల్ని శోధనలో ప్రవేశించనివ్వకు’ అన్న అర్థం వచ్చేలా మార్చుకున్నారు. ఇటలీలో 2020 నవంబరు చివర్లో ‘శోధనకు మమ్మల్ని వదిలేయకు’ అన్న కొత్త రూపం అమల్లోకి వచ్చింది. జర్మనీ బిషప్పులు మాత్రం 2018లో పాత మాటే ఉంచాలని నిర్ణయించారు. గ్రీకులో ఉన్నది ‘తేవద్దు’ అనే, కష్టంగా ఉందని మూలాన్ని మెత్తబరచకూడదు అన్నది ఆ పక్షం వాదన. దేవుని ఆత్మే యేసును శోధింపబడటానికి అరణ్యానికి కొనిపోయిందని మత్తయి 4వ అధ్యాయం చెప్పడం కూడా వాళ్ళకు ఆధారం.

ఈ గొడవ జరుగుతున్నప్పుడు తెలుగు క్యాథలిక్కులు నిశ్చింతగా ఉండవచ్చు. తరతరాలుగా వాళ్ళు చెబుతున్న జపంలో ఉన్నమాట ‘ప్రవేశింపనివ్వక’. ఫ్రాన్సులో కొత్తగా తెచ్చినది ఇక్కడి ముసలమ్మల జపమాలలో ఎప్పటి నుంచో ఉంది.

శోధన అంటే రెండు అర్థాలు: పాపంలోకి లాగే ఆకర్షణ, నిలుస్తాడో లేదో తేల్చే పరీక్ష. దేవుడు అబ్రాహామును పరీక్షించాడని ఆదికాండము 22వ అధ్యాయం చెబుతుంది, కాబట్టి రెండో అర్థంలో యాకోబు మాటకు విరోధం లేదు. ఇంకొందరు పండితులు ఇది లోకాంతంలో వచ్చే మహాశ్రమను ఉద్దేశించిందంటారు.

రోజువారీ జీవితానికి వస్తే, ఈ వాక్యం తన బలం మీద నమ్మకం లేనివాడి ప్రార్థన. ఆన్‌లైన్ బెట్టింగ్‌లో లక్షలు పోగొట్టుకుని బయటపడిన కుర్రాడు ‘ఈసారి ఆ యాప్ తెరిచినా గెలిచే నిగ్రహం ఇవ్వు’ అని అడిగితే అది వేరే ప్రార్థన. ‘ఆ యాప్ దాకా నన్ను పోనివ్వకు’ అంటే అది ఈ ప్రార్థన. గెత్సేమనేలో శిష్యులకు యేసు చెప్పిందీ ఇదే: శోధనలో ప్రవేశించకుండునట్లు మెలకువగా ఉండి ప్రార్థన చేయండి. ముఖ్య శిష్యుడు పేతురు అప్పుడు నిద్రపోయాడు.

‘తండ్రి’ అనే పిలుపు

కాట్రెల్ మాటలను వార్తాశీర్షికలు కొంచెం పెద్దవి చేశాయి. ఆయన ఆ పిలుపును తీసేయమనలేదు. తండ్రి చేతిలో హింస చవిచూసినవాళ్ళకూ, పితృస్వామ్యం కింద నలిగినవాళ్ళకూ ఈ మాట కష్టంగా ఉంటుందని మాత్రమే అన్నారు. తాగొచ్చి కొట్టే నాన్న ఉన్న ఇంట్లో పెరిగిన పిల్లకు ఇది సిద్ధాంత చర్చ కాదు. యేసు స్వయంగా నేర్పిన మాటను సమస్య అనడమేమిటని సంప్రదాయవాదులు అభ్యంతరం చెప్పారు. ఇంటి తండ్రిని బట్టి పరలోకపు తండ్రిని కొలవకూడదు, పరలోకపు తండ్రిని బట్టే ఇంటి తండ్రిని కొలవాలి అన్నది వాళ్ళ జవాబు. మత్తయి 23లో భూమి మీద ఎవరికీ తండ్రి అని పేరు పెట్టవద్దన్న మాట ఆ జవాబుకు తోడు. యెషయా 49లో దేవుడు తనను పాలిచ్చే తల్లితో పోల్చుకున్నాడని కాట్రెల్‌ను సమర్థించేవాళ్ళు గుర్తుచేస్తారు.

వల్లించాలా, నమూనాగా వాడుకోవాలా

క్యాథలిక్కుల జపమాలలో ఐదు రహస్యాలు (ఐదు భాగాలు) ముగిసేసరికి ఈ ప్రార్థన ఆరుసార్లు వస్తుంది. అదే వీధిలోని పెంతెకొస్తు సంఘంలో నెలల తరబడి వినిపించకపోవచ్చు. వల్లించడం వ్యర్థమైన మాటలు పలకడమే, యేసు వద్దన్నది అదే అని కొందరు బోధకులు చెబుతారు. మత్తయిలో ‘మీరీలాగు ప్రార్థన చేయుడి’ అని ఉంది కాబట్టి ఇది నమూనా అంటారు. లూకాలో మాత్రం ప్రార్థన చేసేటప్పుడు ఇలా పలకండి అని ఉంది, కాబట్టి పలకాల్సిందే అని అవతలివాళ్ళు. మొదటి తరాలవాళ్ళు ఏం చేశారో ‘దిదకే’ చెబుతుంది: రోజుకు మూడుసార్లు ఇలా ప్రార్థించండి అని.

వల్లింపు మీద కోపమూ, ఈ ప్రార్థన మీద ప్రేమా రెండూ ఉన్నవాడు లూథర్. ఇంతగా హింసలపాలైన హతసాక్షి (విశ్వాసం కోసం ప్రాణం పోగొట్టుకున్నవాడు) భూమి మీద ఇంకొకరు లేరని ఈ ప్రార్థన గురించి వాపోయాడు, ధ్యాస లేకుండా వేలసార్లు వదరుతున్నారని. అయినా 1535లో తన మంగలి పీటర్ ఎలా ప్రార్థించాలని అడిగితే, ఇదే ప్రార్థనను ఒక్కో విన్నపం చొప్పున తీసుకుని, దాని దగ్గర ఆగి, సొంత మాటల్లో విస్తరించుకుంటూ పొమ్మని రాసిచ్చాడు. కత్తి పట్టుకున్న మంగలి మనసు వేరేచోట ఉంటే ఎదుటివాడి ముక్కో గొంతో తెగుతుంది కదా, అలాంటి ధ్యాస కావాలన్నాడు. తనకు తరచూ ఒక్క విన్నపం దగ్గరే ఆలోచనలు ఊరి, మిగతా ఆరూ చెప్పకుండానే ప్రార్థన అయిపోతుందని కూడా అదే ఉత్తరంలో ఒప్పుకున్నాడు.